ఇంట్లో బ్లైండ్ వైన్ టేస్టింగ్ డిన్నర్: ఒకసారి ఖాళీ నోటితో, ఒకసారి కోడి వేపుడుతో

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఈ వేసవిలో గుంటూరు లక్ష్మీపురంలో మీ ఇంట్లో ఎనిమిది మంది స్నేహితులు కలిసి డిన్నర్ చేస్తారు. సీసాలు కప్పేసి, ఏది ఏదో తెలియకుండా వైన్ రుచి చూడాలని సరదా. ఒకాయన అమెరికా నుంచి వస్తూ రెండు సీసాలు తెస్తున్నారు. ఇద్దరు విజయవాడ నుంచి కారులో వస్తారు. ఒక్కరికి తప్ప మిగతా ఎవరికీ వైన్ సంగతి తెలియదు కాబట్టి నవ్వులపాలవుతామేమోనని టెన్షన్. వంట మాత్రం మన వంటే. ఎన్ని సీసాలు కావాలి, ఎలా కప్పాలి, మన కూరలతో వైన్ నప్పుతుందా?

నేను హోటల్ రంగంలో ఫుడ్ అండ్ బెవరేజ్ వైపు చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. ఇలాంటి డిన్నర్లు హోటల్లో అతిథులకీ పెట్టాను, ఇంట్లో స్నేహితులకీ పెట్టాను. కాబట్టి మొదటే ఒక సలహా. ద్రాక్ష పేరు, దేశం, సంవత్సరం కనిపెట్టే పోటీగా దీన్ని పెట్టకండి. ఆ విద్య వేరు. వైన్ నిపుణులకిచ్చే పెద్ద పట్టా మాస్టర్ ఆఫ్ వైన్. దాని పరీక్షలో పన్నెండేసి వైన్లతో మూడు బ్లైండ్ పేపర్లు ఉంటాయి. మన దేశంలో ఉంటూ ఆ పట్టా మొదట అందుకున్నది సోనల్ హాలండ్, అదీ 2016లో. మీ డిన్నర్‌లో అలాంటి పోటీ పెడితే తెలిసిన ఆ ఒక్కాయన ఉపన్యాసం ఇస్తాడు, మిగతా ఏడుగురూ తలలూపుతారు.

దానికి బదులు ఇలా చేయండి. అవే వైన్లను ఒకే రాత్రి రెండుసార్లు రుచి చూడండి. మొదటిసారి ఏమీ తినకుండా, రెండోసారి భోజనంతో. రెండుసార్లూ ఎవరికి వారు తమకు నచ్చిన వరుసలో ర్యాంకులు రాసుకోవాలి. ముసుగులు మాత్రం రెండో వరుస రాసేదాకా తీయకూడదు. మొదటి వరుసకీ రెండో వరుసకీ పోలిక ఉండదు. అసలు వినోదం అక్కడే ఉంది. దానికి వైన్ పరిజ్ఞానం అక్కర్లేదు, నాలుక ఉంటే చాలు.

సీసాల లెక్క చూద్దాం. నేనైతే ఐదు ముసుగులు పెడతాను, కానీ వైన్లు నాలుగే. ఒకటి పొడి వైట్, అంటే తీపి లేని సావిన్యాన్ బ్లాంక్. ఒకటి కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్. ఒకటి మన దేశపు షిరాజ్ రెడ్. ఒకటి మీ స్నేహితుడు తెచ్చే సీసాల్లోంచి రెడ్. ఆయన్ని కాలిఫోర్నియా కాబర్నే తెమ్మనండి, ఎందుకో కింద చెబుతాను. ఐదో ముసుగులో మళ్లీ అదే షిరాజ్, అదే సంవత్సరంది, వీలైతే అదే పెట్టెలోంచి తీసిన రెండో సీసా. ఈ కవలల సంగతి సీసాలు కప్పే ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియకూడదు.

కవలలు ఎందుకంటే, ఆ రాత్రి ఎవరి నాలుకను ఎంత నమ్మవచ్చో తేల్చేది అవే. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు, స్వయంగా వైన్ తయారుచేసే మనిషి, 2005 నుంచి కొన్నేళ్లు ఇదే పని చేశాడు. ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ను మిగతా వాటి మధ్య మూడుసార్లు జడ్జీల ముందు పెట్టాడు. మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే తేలారు. వాళ్లంతా అనుభవజ్ఞులైన జడ్జీలు. ఇక మీరు నవ్వులపాలవుతామని భయపడటం దేనికి?

ఇక్కడ చిన్న లెక్క ఒకటి గుర్తుంచుకోండి. ఐదింటికి కళ్లు మూసుకుని ర్యాంకులు రాసినా కవలలు రెండూ పక్కపక్క ర్యాంకుల్లో పడే అవకాశం 40 శాతం. అంటే ఎనిమిది మందిలో ముగ్గురికి అదృష్టం కొద్దీ పడతాయి. అందుకని ముగ్గురు సరిగ్గా పట్టుకున్నారని చప్పట్లు కొట్టనక్కర్లేదు. ఆరుగురు పట్టుకుంటే మాత్రం మీ బృందానికి మంచి నాలుకలున్నట్టే.

పోయడం దగ్గర పీనాసితనం మంచిది. సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లు. మొదటి విడత మనిషికి 40, రెండో విడత 40 పోస్తే ఎనిమిది మందికి 640 అవుతుంది. మిగిలిన వంద చిల్లర, మళ్లీ ఒకసారి చూస్తానని అడిగేవాళ్లకి. అయినా ఐదు వైన్లూ రెండు విడతలూ మింగితే మనిషికి 400 మిల్లీలీటర్లు, అంటే అర సీసా కంటే ఎక్కువే. అదీ మొదటి సగం ఖాళీ కడుపుతో. అందుకే మొదటి విడతలో ఉమ్మేయాలి. ప్రతి ఒక్కరి ముందూ ఒక పొడవాటి స్టీలు గ్లాసు పెట్టండి. మన ఇళ్లలో నలుగురి ముందు ఉమ్మడం మర్యాద కాదు కాబట్టి మొదట అందరూ మొహమాటపడతారు. ఇంటివాళ్లే ముందు ఉమ్మేస్తే మొహమాటం పోతుంది. ఇంకో మాట, మన రాష్ట్రంలో మద్యానికి కనీస వయసు 21. డిన్నర్‌కి వచ్చే పిల్లల్లో ఇరవై ఏళ్లవాడున్నా వాడికి ద్రాక్షరసమే.

కప్పే విషయానికొస్తే, ఇక్కడ చాలామంది సీసాకి న్యూస్ పేపర్ చుట్టేసి అయిపోయిందనుకుంటారు. సీసా ఆకారమే సగం గుట్టు విప్పేస్తుంది. కాబర్నే సీసాకి భుజాలు నిటారుగా ఉంటాయి. షిరాజ్, షార్డనే లాంటివి చాలావరకు భుజాలు జారిన సీసాల్లో వస్తాయి. మన దేశపు వైన్లు ఎక్కువగా తిప్పే మూతతో వస్తాయి, కాబట్టి మూత తిప్పిన చప్పుడు విన్నవాడు 'ఇది నాసిక్‌ది' అనేస్తాడు. మెడ దగ్గర రంగు రేకు చిన్న ముక్క మిగిలినా పట్టేస్తారు. అందుకని వంటింట్లోనే మూతలు తీసి, రేకు మొత్తం చింపేసి, ఒకేలా ఉన్న గాజు సీసాల్లోకి వంపేయండి. ఫ్రిజ్‌లో నీళ్లు పెట్టుకునే గాజు సీసాలు బాగా కడిగినవైతే చాలు. ప్లాస్టిక్ వద్దు, వాసన వస్తుంది.

ఈ పని ఇద్దరు చేయాలి. ఒకరు వైన్లను గాజు సీసాల్లోకి వంపి, సీసాల అడుగున చిన్న గుర్తు పెట్టి, ఏది దేంట్లో ఉందో చీటీ రాసి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేయాలి. తర్వాత రెండోవారు లోపలికి వెళ్లి, రెడ్ సీసాల వరుస కలిపేసి, అన్ని సీసాలకీ పైన గుర్తులు వేయాలి. రెడ్ ఏదో వైట్ ఏదో రంగు చూస్తే తెలుస్తుంది, పర్లేదు. మూడు రెడ్లలో ఏది ఏదో మాత్రం ఆ ఇద్దరికీ తెలియదు. అప్పుడు వాళ్లూ కూర్చుని రుచి చూడవచ్చు. గుర్తులుగా 1, 2, 3 వేయకండి. ఒకటి అన్న అంకె చూడగానే మొదటి ర్యాంకు అన్న భావన వస్తుంది. క, చ, ట, త, ప అని వేయండి. తీపి తగిలే షెనిన్‌ని మాత్రం వైట్లలో రెండోదిగా పోయాలి. తీపి తర్వాత పొడి వైన్ తాగితే నిమ్మకాయ పిండినట్టుంటుంది, పాపం దాని తప్పేమీ లేకుండానే అది ఓడిపోతుంది.

ఎవరూ ధర మాట ఎత్తకూడదు. 'వీటిలో ఒకటి చాలా ఖరీదైంది' అన్న మాట కూడా నోరు జారకూడదు. అమెరికాలో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒకే వైన్‌ను ఒకసారి పది డాలర్లదనీ, మరోసారి తొంభై డాలర్లదనీ చెప్పి రుచి చూపించారు. ఖరీదు ఎక్కువ చెప్పినప్పుడు బాగుందన్నారు. అది మొహమాటానికి అన్న మాట కాదు. మెదడులో ఇష్టానికి సంబంధించిన భాగం కూడా నిజంగానే ఎక్కువగా స్పందించినట్టు స్కానింగ్‌లో కనిపించింది. అంటే ధర తెలిస్తే రుచి మారుతుంది. ముసుగు వేయడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ముసుగు సత్తా ప్రపంచానికి తెలిసింది 1976 మే 24న, పారిస్‌లో. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి ఫ్రెంచ్ నిపుణులను తొమ్మిది మందిని కూర్చోబెట్టి ఫ్రాన్స్ వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ కలిపి ముసుగుతో ఇచ్చాడు. వైట్లలో షాటో మాంటెలీనా, రెడ్లలో స్టాగ్స్ లీప్ మొదట నిలిచాయి. రెండూ 1973 నాటివి, రెండూ కాలిఫోర్నియావే. అక్కడ మార్కులు ఇరవైకి వేయించి సగటు తీశారు. సగటులో ఒక ఇబ్బంది ఉంది. ఒకాయన ఒకదానికి రెండు, ఇంకోదానికి పంతొమ్మిది వేస్తే, అన్నింటికీ పన్నెండూ పదమూడూ వేసుకునే మనిషి అభిప్రాయం ఆయన కింద నలిగిపోతుంది. మీరు ర్యాంకులే రాయించండి. ఒక్కో వైన్‌కి వచ్చిన ఎనిమిది ర్యాంకులూ కూడండి. తక్కువ మొత్తం వచ్చినదే మొదటిది.

చల్లదనం గురించి గట్టిగా చెప్పాలి. గుంటూరు, విజయవాడల్లో వైన్ రుచి పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలని ఎక్కడో చదివినవాళ్లు బల్ల మీద పెట్టేస్తారు. ఆ గది యూరప్ పాత ఇళ్లలోని చల్లటి గది. రెడ్‌కి కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు. మన హాల్లో ఏప్రిల్ సాయంత్రం 33 ఉంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి గుప్పుమంటుంది, పళ్ల వాసన ఏదీ తెలియదు. ఏసీ వేసినా 24 డిగ్రీలే కదా. కాబట్టి రెడ్లను ఫ్రిజ్‌లో గంటా గంటన్నర పెట్టి, తాగే ముందు తీయండి. వైట్లకు ఎనిమిది పది డిగ్రీలు కావాలి, మధ్యాహ్నమే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్చిపోతే బకెట్లో ఐసు, నీళ్లు రెండూ కలిపి సీసా మునిగేలా పెడితే అరగంటలోపే చల్లబడుతుంది. ఒట్టి ఐసు ముక్కల మధ్య పెడితే అంత త్వరగా చల్లబడదు, ముక్కల మధ్య గాలి ఉంటుంది.

కొనేటప్పుడు కూడా వేడి సంగతే చూడాలి. మన ఊళ్లలో వైన్ షాపుల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయని జోకు వేసుకుంటాం కానీ, అడిగితే ఏ మూల నుంచో నాలుగైదు సీసాలు తీసి దుమ్ము తుడిచి ఇస్తారు. ఆ దుమ్ము చూసి పాతది కాబట్టి మంచిదని సంబరపడకండి. రేకుల కప్పు కింద రెండు వేసవులు గడిపిన సీసా ఉడికిపోయి ఉంటుంది. బిరడా పైకి ఉబికినా, మెడ దగ్గర జిగట మరక ఉన్నా వదిలేయండి. ఏసీ ఉన్న షాపులో, ఎండ పడని అరలోంచి, ఈమధ్య సంవత్సరానివే తీసుకోండి. మామూలు వైట్‌లు తాజాగా ఉన్నప్పుడే బాగుంటాయి.

ఏవి కొనాలన్నారు. నాసిక్‌లోని సులా అనే వైన్ కంపెనీ వాళ్ల షెనిన్ బ్లాంక్ కాస్త తీపి తగిలే రకం, మీకు కావలసింది అదే. వాళ్ల సావిన్యాన్ బ్లాంక్ పొడి వైట్‌కి సరిపోతుంది. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి, బెంగళూరు దగ్గర నంది కొండల వైపు గ్రోవర్ కూడా నమ్మదగినవే. హంపి కొండల దగ్గర క్రిస్మా అని ఉంది. దాన్ని పెట్టింది గ్రాన్యూల్స్ ఇండియా అనే ఔషధ సంస్థ అధినేత చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. మనవాళ్లు పండించిన కాబర్నే దొరికితే కాలిఫోర్నియా కాబర్నే పక్కన పెట్టి చూడాలని నాకు ఎప్పుడూ ఆశే. ఏది దొరుకుతుందో మీ షాపును బట్టి ఉంటుంది, వారం ముందే చెప్పి తెప్పించుకోండి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కారులో తెచ్చేద్దామనుకుంటే, రాష్ట్రం దాటించే మద్యానికి ఎక్సైజ్ నిబంధనలున్నాయి, ముందు కనుక్కోండి. అమెరికా స్నేహితుడికి కస్టమ్స్ దగ్గర ఇబ్బంది లేదు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా అనుమతి ఉంది, రెండు సీసాలు కలిపితే లీటరున్నరే. ఆయన తెచ్చే రెండో సీసాను మాత్రం ముసుగులోకి లాగకండి, ఇంకో రోజుకు ఉంచుకోండి.

గ్లాసులు నలభై కావాలి. టెంట్ హౌస్ వాళ్ల దగ్గరో కేటరింగ్ వాళ్ల దగ్గరో అద్దెకు దొరుకుతాయి. రంగు గ్లాసులు వద్దు. తెచ్చాక ఒక్కోటీ వాసన చూడండి, సబ్బు వాసనో గోనెపట్టా వాసనో కొడితే వేడి నీళ్లతో కడగండి.

వాసనల సంగతి వచ్చింది కాబట్టి, మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. సాయంత్రం దీపం దగ్గర అగరబత్తి వెలిగిస్తాం. దోమల కాయిల్ ఉంటుంది. ఆడవాళ్లు మల్లెపూలు పెట్టుకుని వస్తారు, మగవాళ్లు సెంటు కొట్టుకుని వస్తారు. ఒకాయన వక్కపొడి నములుతూ దిగుతాడు. ఈ గదిలో వైన్ వాసన ఎవరికి తెలుస్తుంది? అగరబత్తి పూజగదికి పరిమితం చేసి తలుపు వేయండి. మల్లెపూలు రెండో విడతలో పెట్టుకోమని ముందే ఫోన్‌లో చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. తాలింపు పని మొదటి విడతకు గంట ముందే అయిపోవాలి. ఇంగువ వాసన హాల్లో ఉంటే ఐదు వైన్లూ ఇంగువ వైన్లే.

మొదటి విడత ఏడు గంటలకు పెట్టుకోండి. పావుగంటో ఇరవై నిమిషాలో ఎవరూ మాట్లాడకూడదు. ఇది తప్పనిసరి. ఒకరు 'అబ్బ, చ భలే ఉంది' అన్నారంటే మిగతావాళ్ల చేతులు చ వైపే పోతాయి. గ్లాసు తిప్పి వాసన చూడటం, చిన్న గుక్క నోట్లో అటూ ఇటూ తిప్పడం, ఉమ్మడం, మంచినీళ్లు తాగడం, రాయడం. మధ్యలో నోరు శుభ్రపడటానికి ఉప్పులేని మరమరాలు చాలు. చీజ్ పెట్టకండి, చీజ్ పక్కన ప్రతి వైనూ బాగానే ఉంటుంది.

ఏం రాయాలో తెలియదని భయపడేవాళ్లకు ఒక ఉపాయం. వంటింట్లోంచి చిన్న గిన్నెల్లో జామకాయ ముక్క, కోసిన పచ్చి క్యాప్సికం, నలగ్గొట్టిన మిరియాలు, లవంగం, నిమ్మ తొక్క పెట్టి బల్ల చివర ఉంచండి. దొరికే కాలమైతే నేరేడు పండు కూడా. వైన్ వాసన చూసి, గిన్నె వాసన చూసి, మళ్లీ వైన్ చూడమనండి. ఇదేదో పిల్లల ఆట కాదు. పచ్చి క్యాప్సికం వాసననిచ్చే పైరజీన్లు అనే పదార్థాలే సావిన్యాన్ బ్లాంక్‌లోనూ ఉంటాయి. మిరియానికి ఘాటు వాసననిచ్చే రోటండోన్ షిరాజ్‌లోనూ దొరుకుతుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా 'ఇది మిరియాల చారు వాసనొస్తోంది' అంటే ఆవిడ మీ నిపుణుడి కంటే దగ్గరగా ఉన్నట్టు.

చదువుకున్నవాళ్లు ఈ విషయంలో ఎలా బోల్తా పడతారో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఒక ప్రయోగం చూపించింది. 2001లో ప్రచురించారు. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు వాసన లేని ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్ ఇస్తే, వాసన వర్ణించడానికి వాళ్లు రెడ్ వైన్‌కి వాడే మాటలే వాడారు. కన్ను చెప్పింది ముక్కు వినేసింది.

ఇక భోజనం. అసలు నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

పుస్తకాల్లో ఉండే జోడీలన్నీ వెన్న, క్రీము, కాల్చిన మాంసం చుట్టూ తిరుగుతాయి. గుంటూరు మిరపకాయ ఎదురైతే ఆ లెక్కలు పనిచేయవు. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాలను తట్టి, కాలుతోందన్న భ్రమ కలిగిస్తుంది. ఆల్కహాల్ అదే గ్రాహకాన్ని ఇంకా సున్నితం చేస్తుంది, మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందించేది 34 దగ్గరే స్పందిస్తుంది. అంటే మన ఒంటి వేడికే నోరు మండుతుంది. అందుకే ఆల్కహాల్ 14, 15 శాతం ఉన్న వైన్ కోడి వేపుడు మీద పడితే మంట రెట్టింపు. దాని మీద రెడ్ వైన్లలో ఉండే టానిన్ అనే పదార్థపు వగరు. జామ పిందె కొరికినట్టు నాలుక బిగుసుకుపోయి, మంట, వగరు ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. కాలిఫోర్నియా కాబర్నేలో ఈ రెండూ దండిగా ఉంటాయి. దాన్నే తెమ్మన్నది ఇందుకే.

పటమటలో ఒక స్నేహితుడి ఇంట్లో పెట్టినప్పుడు మొదటి విడతలో కాబర్నే అందరి కంటే పైన నిలిచింది. షెనిన్‌ని 'ఇది షర్బత్' అని ఎగతాళి చేసి చివర్లో పడేశారు. ఎండుమిర్చి కోడి వేపుడు వచ్చాక రెండో వరుస రాయిస్తే షెనిన్ పైకొచ్చి కూర్చుంది, కాబర్నే అట్టడుగున పడింది. ముసుగు తీసేదాకా ఇవి అవే సీసాలని వాళ్లు నమ్మలేదు. మధ్యలో నేనేదో మార్చానని ఒకాయన వంటింట్లోకి వెళ్లి మరీ వెతికాడు.

కొద్దిపాటి తీపి, చల్లదనం, తక్కువ ఆల్కహాల్, ఈ మూడూ కారాన్ని అణుస్తాయి. ఉగాది పచ్చడిలో బెల్లం చేసే పనే ఇక్కడ ఆ తీపిదీ. వైన్ తెలిసినవాళ్లు తీపిని చిన్నచూపు చూస్తారు. మన భోజనం దగ్గర నేను మాత్రం ఎప్పుడూ దాని పక్షమే.

పులుపు సంగతి వేరు. కూర వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. కాబట్టి గోంగూర మాంసానికి పులుపున్న వైన్ కావాలి, సావిన్యాన్ బ్లాంక్ అక్కడ నిలబడుతుంది. మాంసం కదా అని రెడ్ పోస్తే గోంగూర దాన్ని నీళ్లు చేసేస్తుంది. చింతపండు పులుసుతో వైన్ నప్పదని కొట్టిపారేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. చింతపండులో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలో ఉండేదీ అదే. పుల్లటి వైట్, చేపల పులుసు ఎదురుపడితే కొట్టుకోవు. కారం మాత్రం పులుసులో ఒక పిసరు తగ్గించండి.

షిరాజ్‌కి మిరియాలు వేసిన మటన్ వేపుడు పెట్టండి. ఎండుమిర్చి కాదు, మిరియాలే. ఉలవచారు, పైన మీగడ వేసుకుని, షిరాజ్‌తో బాగుంటుందని నా అభిప్రాయం. మా ఇంట్లో దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు.

వడ్డన వరుస ముఖ్యం. కొంచెం ఉప్పు, నూనె ఉన్నవి ముందు. రొయ్యల వేపుడు, పునుగులు లాంటివి ఏ వైన్‌నీ పాడుచేయవు. తర్వాత గోంగూర, ఆ తర్వాత మటన్, కోడి వేపుడు చివర. ప్రతి కూరతో ఐదు వైన్లనూ ఒక్కో చిన్న గుక్క చూడాలి, అందుకే ఒకేసారి గ్లాసు ఖాళీ చేయొద్దని చెప్పండి. కోడి వేపుడు అయ్యాక రెండో వరుస రాయించి కాగితాలు తీసేసుకోండి. ఆవకాయ, పండుమిర్చి పచ్చడి అంతవరకూ బల్ల మీదికి రాకూడదు. అవి వచ్చాక ఏ వైనూ లేదు. పెరుగన్నం కూడా ఆఖరుకే. రెడ్‌తో పెరుగన్నం నప్పదు, ఎవరి మీదా ప్రయోగించకండి. నోరు మండుతున్నవాళ్లకి నీళ్లు ఇవ్వడం దండగ, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. మజ్జిగ ఇచ్చి, రెండు నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టమనండి.

మీలో తాగనివాళ్లు ఉంటే వాళ్లను ప్రేక్షకులుగా కూర్చోబెట్టకండి. వేసవిలో పెడుతున్నారు కాబట్టి వాళ్లకు మామిడిపండ్లతో ఇదే ఆట పెట్టండి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, సువర్ణరేఖ. తొక్క తీసి ముక్కలు కోసి, రసాలైతే గిన్నెల్లో పిండి, అవే క, చ, ట, త, ప గుర్తులు వేయండి. నూజివీడు రసాలే గొప్పవని జీవితమంతా వాదించిన పెద్దమనిషి ఏది ఎంచుకుంటాడో చూడటం వైన్ కంటే రంజుగా ఉంటుంది. తాగేవాళ్లు కూడా గ్లాసులు వదిలేసి అటువైపు జరుగుతారు, చెప్పలేదనకండి.

ముసుగు తీసేటప్పుడు తొందర వద్దు. ముందు మొదటి వరుస మొత్తాలు చదవండి, తర్వాత రెండో వరుసవి. రెండింటి మధ్య ఏది ఎక్కువ ఎగిరిందో, ఏది ఎక్కువ పడిందో అందరికీ కనబడాలి. అప్పుడు కవలల పేర్లు చెప్పి, ఎవరి కాగితంలో అవి ఎంత దూరం పోయాయో చూడండి. మీ నిపుణుడి కాగితంలో ఒకటో ర్యాంకు, ఐదో ర్యాంకు రెండూ ఒకే వైన్‌కి వచ్చినా రావచ్చు. అది అందరి ముందూ గట్టిగా చదవకండి. కాగితం ఆయన చేతికిచ్చి ఊరుకోండి, ఆయనే చెబుతాడు.

మిగిలిన వైన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే, రెడ్ అయినా సరే, రెండు మూడు రోజులు తాగేలా ఉంటుంది. బయట వదిలేస్తే మన ఎండకు మర్నాడు సాయంత్రానికే వెనిగర్ దారి పడుతుంది.

విజయవాడ నుంచి వచ్చే ఇద్దరి విషయం మాత్రం ముందే తేల్చుకోండి. డ్రైవింగ్‌కి చట్టం అనుమతించేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మాత్రమే. మొదటి విడతంతా ఉమ్మేసినా రెండో విడతతో అది దాటిపోవచ్చు. మొదటిసారి పట్టుబడితే పది వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మంగళగిరి దగ్గర ఊదుడు పరీక్షకు నిలబడి 'మేం ఉమ్మేశామండీ' అంటే ఎవరూ వినరు. డ్రైవర్‌ని మాట్లాడుకుని రమ్మనండి, లేదా మీ ఇంట్లోనే పక్కలు వేయండి. పడుకునేలా ఉంటే ఆ అమెరికా రెండో సీసాను మర్నాడు మధ్యాహ్నం పప్పు, వడియాలతో తెరవవచ్చు. అది వైట్ అయితే నాకొక ఫోన్ చేయండి, నేనూ వస్తాను.